గాజుతొట్టిలోని వింతజీవులు



చెరువులో చేపలను పెంచుట మన మెఱిగినదే. తినుటకో అమ్ముటకో పెంచుదుము. కాని యింటిలో గాజుతొట్టి నిలిపి, అందు ఉప్పునీరు పోసి, పగడపురాళ్లు పేర్చి, ఒక్క చేపనైనను తినక యేండ్లతరబడి దానియెదుట కూర్చుండువారు కలరన్నచో మీరు నవ్వుదురు. ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశములలో అట్టివారు వేలకొలది కలరు. అందు కొందఱు నాకు మిత్రులు. వారి ముచ్చటలు వినిన, అందమైన చేపలకన్న రాళ్లసందులలో దాగిన వికారరూపులమీదనే వారికి మక్కువ యెక్కువని తోచును.

ఈ వేడుక పాతదే. లండను జంతుశాలలో 1853వ సంవత్సరముననే ప్రజలకొఱకు చేపల యిల్లు తెఱచిరి. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణముండవలెను. అది తప్పినచో పగడము చచ్చును. ఇక సముద్రమునుండి తెచ్చిన రాళ్ల బొఱ్ఱలలో టిక్కెట్టు కొనని ప్రయాణికులు వచ్చుచుందురు. చిక్కంతయు వారితోనే.

వారిలో ముందు చెప్పదగినది రోమములుగల పురుగు. చూచుటకు జెఱ్ఱివలె నుండును. ముట్టినచో దాని ముండ్లు దురదగొండివలె బాధించును. పూర్వము దీనిని చూచినంతనే పట్టకారుతో లాగి చంపెడివారు. నిజమునకు మిగిలిన మేతను, చచ్చిన జీవులను తిని తొట్టిని శుభ్రపఱచునది ఇదియే. ఊడ్చువానిని తఱిమి, ఇల్లు కంపుకొట్టుచున్నదని వగచుట వంటిది ఆ పని.

అయితే పురుగులన్నియు నింత సాధువులు కావు. ఇంగ్లండులోని న్యూకీ అను ఊరి ప్రదర్శనశాలలో 2009వ సంవత్సరమున పగడములు తెగిపోవుచు, చేపలు గాయపడుచు నుండెను. దొంగ చిక్కలేదు. తుదకు రాళ్లన్నియు నొక్కొక్కటిగా తీసి చూడగా నాలుగడుగుల పురుగు బయల్పడెను! పిల్లగా నున్నప్పుడు రాతిలో వచ్చి, అచటనే మేసి పెరిగినదని తలంచిరి. దానిని చంపక, బ్యారీ యని పేరుపెట్టి వేఱు తొట్టి యిచ్చిరి. అల్లునికైనను ఇంత మర్యాద జరుగునో లేదో!

సముద్రపు దోసకాయ యనునది మఱియొక వింత. పేరు కాయయే కాని అది జంతువు. అది గుదద్వారమున నీరు పీల్చి ఊపిరి తీయును. పెద్దల సభలో ఈ మాట చెప్పుటకు సంకోచించితిని, కాని యిది శాస్త్రమే. సన్నని చేప యొకటి ఆ ద్వారముననే దూరి లోపల కాపురముండును! బెదరించినచో కొన్ని జాతులు తమ ప్రేగులనే బయటికి కక్కి, పిమ్మట క్రొత్తవి పెంచుకొనును. కొన్ని జాతులు తొట్టిలో చచ్చినచో వాని విషమున చేపలన్నియు నశింపవచ్చును. కావున వారి పరిహాసములో కొంత భయమును కలదు.

నా మిత్రుని తొట్టిలో రాత్రులందు టక్కు టక్కుమని చప్పుడు వినవచ్చెడిది. నత్తలు, పీతలు మాయమగుచుండెను. దొరికినది రొయ్యవంటి జీవి. గొల్లభామపురుగువలె ముంగాళ్లు ముడిచి నమస్కరించుచున్నట్లుండును. ఆ నమస్కారమును నమ్మరాదు. అందొక జాతి గుద్దుపోటు సెకనుకు 23 మీటర్ల వేగము వఱకు నుండునని 2004లో కొలిచిరి. గ్రేట్ యార్మత్ అను ఊరిలో 1998లో నాలుగంగుళముల జీవి యొకటి తొట్టి యద్దమునే పగులగొట్టెను. ముష్టియోధుడగు టైసన్ పేరే దానికి పెట్టియుండిరి.

మిత్రులు చేరి తీర్పు చెప్పసాగిరి. చంపుమని కొందఱు, సముద్రమున విడువుమని కొందఱు. చంపుమనుట నాకు నచ్చలేదు. పిలువక వచ్చినదైనను, తెచ్చిన రాయి మనదే కదా. సముద్రమున విడుచుటయు తగదు. ఎచటి జీవియో తెలియనప్పుడు క్రొత్తచోట నేమి కీడు చేయునో చెప్పలేము. మిత్రుడు ఇరువుర మాటయు వినక దానికి వేఱు తొట్టి కట్టించెను. దినమున కొక నత్త దానికి కట్నము. తొట్టికి మాత్రము గాజు మాని, బొటనవ్రేలంత మందముగల ఆక్రిలిక్ పలక వేయించెను. ఆయన భార్య ఆ గదిలోనికి ఇంకను చీపురు ముందు పెట్టుకొనియే పోవును.