ఆటగాని ఆహారము – పెప్టైడులు

శేరిలింగంపల్లి అనగానే నేడు చాలమందికి గాజుమేడలు, కంప్యూటరు కంపెనీలు తలపునకు వచ్చును. ఆ మేడల నడుమనే గచ్చిబౌలి క్రీడాప్రాంగణము కలదు. 2001లో ఆల్ ఇంగ్లండు బాడ్మింటన్ విజేతయైన పుల్లెల గోపీచంద్ 2008లో ప్రారంభించిన శిక్షణాలయము కూడ గచ్చిబౌలిలోనే యున్నది. సైనా నెహ్వాల్ 2012లో లండన్ ఒలింపిక్సులో కాంస్యమును, పి.వి. సింధు 2016లో రియోలో రజతమును గెలిచిన పిమ్మట, పిల్లలకు రాకెట్టు పట్టించి తెల్లవారకముందే బయలుదేరు తల్లిదండ్రులు మన ఊళ్లలో ఎందరో! వారిలో ధనవంతులు కొద్దిమందియే. బూట్లకు, బంతులకు, ప్రయాణములకు చెల్లించిన తరువాత ఇపుడు వారికి మరియొక ఖర్చు వచ్చిపడినది. అది పెప్టైడు పొడి డబ్బా. అది కొననిచో తమ బిడ్డ వెనుకబడునేమోనను భయము వారిని పీడించుచున్నది. ఆ భయమునకు ఆధారమెంతయో చూతము.

ప్రొటీను అని పిలువబడు మాంసకృత్తును పూసలదండతో పోల్చవచ్చును. ఎమినో ఆమ్లములు ఆ పూసలు. దండ తెగి రెండు, మూడు, పది పూసల తునకలైనపుడు వానిని పెప్టైడులందురు. మనము తిన్న పప్పును, గ్రుడ్డును పొట్టలో పెప్సిన్ అను ఎంజైము కోయును. పిదప చిన్న ప్రేవులలో క్లోమరసమందలి ట్రిప్సిన్ మొదలైనవి ఆ తునకలను ఇంకను చిన్నవిగా చేయును. పూసలన్నియు విడివిడి యైనగాని ప్రేవుగోడను దాటలేవని శాస్త్రజ్ఞులు చాలకాలము తలచిరి. కాని రెండు, మూడు పూసల తునకలు అట్లే లోనికి పోగలవని తరువాత తేలినది. వానిని మోయు వాహకమును 1994లో గుర్తించిరి. లోపలికి పోయిన తునకలు కూడ చాలవరకు అక్కడనే విడిపోయి, పూసలుగానే రక్తములో చేరును.

ఇక డబ్బాలోని పొడి యేమి? పాలవిరుగుడు తేటలోని మాంసకృత్తును కర్మాగారములో ఎంజైములతో ముందుగనే కోసి ఎండబెట్టినది. మన పొట్ట ఉచితముగా చేయు పనిని బయట చేయించి వెల కట్టిరన్నమాట. దీని గుణము వేగము. ఒకే దినమున రెండు పోటీలాడవలసి వచ్చి, నడుమ విరామము స్వల్పమైనపుడు, కడుపు బరువెక్కని ఆహారముగా ఇది అక్కరకు రావచ్చును. జీర్ణశక్తి దెబ్బతిన్న రోగులకు వైద్యులు ఇట్టివానిని ఇచ్చుటయు కలదు. అయితే వ్యాయామము చేసిన కండరము తన మరమ్మత్తును గంటలో ముగించదు. ఒక దినమంతయు, ఒక్కొక్కపుడు అంతకు మించియు సాగించును. కనుక గంటలో ఎంత చేరినదను దానికంటె దినములో మొత్తము ఎంత చేరినదనునదే ముఖ్యము.

ఆ మొత్తమెంత? 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ దీనికి లెక్క చెప్పినది. సామాన్యునికి కిలో బరువునకు 0.83 గ్రాములు చాలును. బరువులెత్తు వ్యాయామము చేయువారికైనను 1.6 గ్రాములు దాటినచో కండరమునకు అదనపు లాభము లేదని 2024 నాటి ఆహార సూచనలలో ఆ సంస్థ తెలిపినది. 50 కిలోల బరువుగల క్రీడాకారిణికి ఈ పైహద్దు 80 గ్రాములు.

మన వంటింటిలో లెక్క వేయుదము. పావుకిలో బియ్యములో సుమారు 18 గ్రాములు, 75 గ్రాముల కందిపప్పులో 16, రెండు గ్రుడ్లలో 12, అరలీటరు పాలలోనో పెరుగులోనో 16, గుప్పెడు వేరుసెనగలలో, అనగా 50 గ్రాములలో, 12. అన్నియు కలిసి 74! బియ్యమునకు కొరతయైన లైసీనును పప్పు తీర్చును. పప్పన్నమును కనిపెట్టిన అవ్వలకు లైసీను పేరు తెలియకపోయినను. పెరుగులోనైతే సూక్ష్మజీవులు పాల మాంసకృత్తును కొంత కోసి పెట్టియే యుంచును.

కొలాజెన్ పెప్టైడుల సంగతి వేరు. ఎగిరి దూకు బాడ్మింటన్ ఆటలో మోకాలి, మడమ స్నాయువులు త్వరగా దెబ్బతినును. 2017లో ప్రకటితమైన ఒక ప్రయోగములో ఎనిమిదిమంది పురుషులు విటమిను సి కలిపిన 15 గ్రాముల జెలటిన్ తీసికొని, గంట తరువాత ఆరు నిమిషములు తాడాట ఆడగా, కొలాజెన్ తయారీని సూచించు పదార్థము రక్తములో రెట్టింపైనది. ఎనిమిదిమందియే సుమా! ఆశ కలిగించు ఫలితమే గాని, గాయము మానునని రుజువు కాదు. హైదరాబాదువారి పాయాలో ఉడికి దిగునది ఈ జెలటినే. అయితే కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అను ఎమినో ఆమ్లము లేదు గనుక కండరము పెంచుటకు దానిని నమ్ముకొనరాదు.

మా ఆందోళన మరియొకటి. ఆహార పెప్టైడులకును, సూదిమందుగా అమ్మబడు పెప్టైడులకును పేరు ఒక్కటే. రెండవవానిలో పెరుగుదల హార్మోనును విడుదల చేయించునవి ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ నిషేధించినవి. బి.పి.సి.-157 అనునది 2022 నుండి ఆ జాబితాలో చేరినది. తెలియక తీసికొంటిననుట సామాన్యముగా చెల్లదు. దేహములో దొరికినదానికి బాధ్యత ఆటగానిదే. కావున స్నాయువు నొప్పితో ఉన్న పిల్లలకు ఎవరైనను ఇట్టి సీసాను ఇవ్వజూపినచో, తల్లిదండ్రులు దానిని తీసికొనక, బిడ్డను మొదట క్రీడావైద్యునకు చూపవలెను.