ఒంటరి ఉపాధ్యాయునికి తోడు
(ఎల్.బి.నగర్‌లో పంచాయతీ సభ్యులకు చేసిన ఉపన్యాస పాఠము)



విజయవాడ రహదారి ఈ ఎల్.బి.నగర్ కూడలి మీదుగానే సాగుచున్నది. ఇచ్చటను, దిల్‌సుఖ్‌నగర్‌లోను నివసించు ఉపాధ్యాయులు పలువురు ప్రతి ఉదయమున ఇచటినుండియే గ్రామములకు బయలుదేరుచుందురు. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రములకు పేరుపొందిన చోటు. అచట బోధించువానికి సందేహము కలిగినచో పక్క గదిలో సాటి అధ్యాపకుడుండును. గ్రామమున ఏకోపాధ్యాయ పాఠశాల నడుపువాడు ఎవరిని అడుగవలెను?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1964-66 నాటి కొఠారీ సంఘము, పాఠశాలల ఒంటరితనమును పోగొట్టుటకై ఇరుగుపొరుగు బడులను సముదాయములుగా కూర్చవలెనని సూచించినది. సముదాయ సమావేశములు మేలైనవే. కాని అవి ఎప్పుడో ఒకనాడు జరుగును. సందేహము ప్రతిదినము పుట్టును.

ఒక ఉదాహరణము చూడుడు. మూడింట ఒక వంతుకంటె నాలుగింట ఒక వంతే పెద్దదని పిల్లలు వాదింతురు. మూడుకంటె నాలుగు పెద్దది గదా! ఉపాధ్యాయుడు ఈ చిక్కును సాయంత్రము ఫోనులో సాటివారి ముందుంచినచో, రెండు రొట్టెలు తీసికొని ఒకదానిని మూడు, వేరొకదానిని నాలుగు సమభాగములు చేసి చూపుమని మరియొక జిల్లా ఉపాధ్యాయుడు చెప్పవచ్చును. మరునాటికి పాఠము మారును.

ఇది ఊహామాత్రము కాదు. 2016 తరువాత టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎం.ఐ.టి., టాటా ట్రస్టులు కలిసి నడిపిన ‘క్లిక్స్’ కార్యక్రమమున తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు పాల్గొని, టెలిగ్రామ్ బృందములలో తమ తరగతి అనుభవములను పంచుకొనిరి. 2017లో కేంద్రము ‘దీక్ష’ అను వేదికను ప్రారంభించినది. 2020 సెప్టెంబరులో, బడులు మూతపడియున్న వేళ, మన రాష్ట్రమున టి-శాట్, దూరదర్శన్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. అయితే ప్రసారమును విందుము, తోటివారినైతే అడుగుదుము. ఉపాధ్యాయునికి రెండును కావలెను.

ఇందు పంచాయతీకేమి పని యని మీరడుగవచ్చును. 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్య పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో నొకటి. భారత్‌నెట్ తీగ గ్రామపంచాయతీల కొరకు ఉద్దేశింపబడినదే. అది మీ కార్యాలయమువద్దనే ఆగినదా? బడివరకు సాగినదా? సాగినచో పనిచేయుచున్నదా? ఈ వారమే స్వయముగా పోయి చూడుడు. బడికి కరెంటు నిలకడగా ఉన్నదో లేదో విచారింపుడు.

మరియొక మాట. ఉపాధ్యాయుని చేత ఫోను కనబడగానే కొందరు ఫిర్యాదు చేయుదురు. పాఠమువేళ ఫోనుతో కాలక్షేపము తగదు. పిల్లల ఫొటోలను బృందములలో పంపుటయు తగదు. ఈ కట్టుబాట్లను ఉపాధ్యాయులతో కలిసి నిర్ణయించుకొనుడు. కాని ఫోనునే నిషేధింపకుడు. “సాటివారివద్ద ఈ నెల ఏమి నేర్చితిరి? అది పిల్లల కెట్లుపయోగపడినది?” అని ఆదరముతో అడుగుడు. సమాధానము పిల్లల పలకలమీద, నోటుపుస్తకములలో కనబడవలెను.

ఊరికి బావి త్రవ్వించినవారిని ఊరు మరువదు. మీ బడిలోని ఒంటరి ఉపాధ్యాయునికి నలుగురు తోడు కల్పించినచో, ఆ మేలు మీ పిల్లలకే చేరును.