హోరు వేరు, బలం వేరు



సినిమా చూసి వచ్చిన పిల్లలు వెనకటి రోజుల్లో కథ గురించీ, పాటల గురించీ మాట్లాడుకునేవారు. ఇప్పుడు చెప్పులు విడవకముందే వినబడే మొదటి మాట, “బీజీఎమ్ ఎట్లుందిరా?” అని. బీజీఎమ్ అంటే కంగారు పడకండి, నేపథ్య సంగీతమే. మన సినిమావాళ్లు రీరికార్డింగ్ అంటూ వచ్చింది దీన్నే. బొమ్మ తీయడం అయ్యాక, దాన్ని చూస్తూ, ఏ చోట వాయిద్యం మోగాలో, ఏ చోట ఆగాలో సంగీత దర్శకుడు కూర్చే పని అది.

మామూలు సినిమాల సంగతి ఎలా ఉన్నా, అతిమానుష శక్తులున్న వీరుల సినిమా, అదే సూపర్ హీరో సినిమా వచ్చిందంటే మాత్రం ఈ వాదం అన్నం కంచాల దాకా వస్తుంది. “దుమ్ము లేపిండు” అని పెద్దవాడంటాడు. “ఒట్టి మోత, అండ్ల ట్యూనేది?” అని చిన్నవాడంటాడు. మధ్యలో మనం ఏదైనా అనబోతే, అంతసేపూ కొట్లాడుకున్న ఇద్దరూ ఒక్కటై, “అమ్మా, నీకు తెల్వది, ఊకో” అంటారు.

మనకు తెలియకపోవడమేమిటి? పిల్లలు మాట్లాడుకుంటున్నది పైకి సంగీతమే కానీ, అడుగున ఉన్న ప్రశ్న వేరు. బలవంతుడంటే ఎవడు, వాడు వస్తే ఎలాంటి చప్పుడు కావాలి అన్నదే ఆ ప్రశ్న. దానికి జవాబు సినిమా హాలు ఒక్కటే చెబుతుంటే మనం ఊరుకోవడం బాగుండదు.

ఈ సంగీతం మనకు కొత్తదేమీ కాదు. కూచిపూడి భాగవతం చూసినవాళ్లకు ప్రవేశ దరువు అంటే తెలుసు. పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు పాడే పాట అది. సత్యభామకు ఒక దరువు, హిరణ్యకశిపుడికి మరొక దరువు. వచ్చేది ఎవరో, ఎలాంటివారో ముందు చెవికి తెలుస్తుంది. మావైపు ఒగ్గుకథ చెప్పేటప్పుడు డోలు దెబ్బ మారిందంటే కథ మలుపు తిరిగిందని కూర్చున్నవాళ్లందరికీ అర్థమవుతుంది. ఇప్పటి పిల్లలు ‘థీమ్’ అంటున్నది ఆ ప్రవేశ దరువుకు దగ్గర చుట్టమే.

పరదేశాల్లో ఈ వాదానికి పెద్ద చరిత్రే ఉంది. 1978లో వచ్చిన ఇంగ్లీషు ‘సూపర్‌మాన్’కు జాన్ విలియమ్స్ సంగీతం కూర్చాడు. బాకాలతో ఎత్తుకునే ఆ వరస ఒకసారి వింటే పిల్లవాడు కూడా కూనిరాగం తీయగలడు. 2005లో ‘బ్యాట్‌మాన్ బిగిన్స్’కు జేమ్స్ న్యూటన్ హవార్డ్‌తో కలిసి హాన్స్ జిమ్మర్ మరో దారి పట్టాడు. అక్కడ వీరుడికి పాటలాంటి వరస లేదు. రెండే రెండు స్వరాలు ఉబికి వస్తాయి, కింద తంత్రులు గుర్రపు డెక్కల్లా పరుగెడతాయి. “పాడుకోవడానికి లేనిది థీమ్ ఎలా అవుతుంది?” అని ఒక వర్గం. “వాడి మనసే ఇంకా కుదుటపడలేదు, పాట పూర్తి ఎలా అవుతుంది?” అని రెండో వర్గం. 2013లో సూపర్‌మాన్ కథనే మళ్లీ తీసినప్పుడు, జిమ్మర్ పాత వరసను ముట్టుకోకుండా కొత్తగా కట్టాడు. 2025లో వచ్చిన ‘సూపర్‌మాన్’లో జాన్ మర్ఫీ, డేవిడ్ ఫ్లెమింగ్ ఆ పాత విలియమ్స్ వరసనే తిరిగి తెచ్చుకుని, గిటారు మీద కూడా పలికించారు. దాంతో వాదం మళ్లీ మొదలు.

2017 నాటి ‘జస్టిస్ లీగ్’ సంగతి ఇంకా చిత్రం. మొదట అనుకున్న సంగీత దర్శకుణ్ణి తప్పించి డ్యానీ ఎల్ఫ్‌మన్‌కు అప్పగించారు. అభిమానులు ఏళ్ల తరబడి పట్టుబట్టగా, మొదటి దర్శకుడి కూర్పుతో 2021లో సినిమాను మళ్లీ విడుదల చేశారు. ఆ మొదటి సంగీత దర్శకుడే, జంకీ ఎక్స్‌ఎల్ అనే ఆయన, దానికి సంగీతమూ చేశాడు. ఒకే కథకు రెండు సంగీతాలు దొరికాయి. పక్కపక్కన పెట్టుకుని పోల్చుకునే వీలు అభిమానులకు అంతకంటే ఏం కావాలి?

ఇక మన తెలుగు వీరుల మాటకొస్తే, వారి బలం తరచుగా పురాణాల్లోంచే వస్తుంది. 1980లో ఎన్.టి. రామారావు గారితో ‘సూపర్‌మేన్’ వచ్చింది. చక్రవర్తి గారి సంగీతం. అందులోనూ వీరుడికి శక్తినిచ్చేవాడు ఆంజనేయుడే. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’కు గౌర హరి, అనుదీప్ దేవ్, కృష్ణ సౌరభ్ అని ముగ్గురు సంగీతం కూర్చారు. అదే ఏడు జూన్‌లో ‘కల్కి 2898 ఏడీ’ వచ్చింది. సంతోష్ నారాయణన్ కూర్పు కొత్తగా ఉందని కొందరు, అంత పెద్ద కథకు ఊపు చాలలేదని కొందరు గట్టిగానే వాదించుకున్నారు. 2025 జూలైలో ‘మహావతార్ నరసింహ’ వచ్చింది. బొమ్మలు గీసి తీసిన సినిమా, శామ్ సి.ఎస్. సంగీతం.

ఈ చివరి సినిమా యాదగిరిగుట్టవాళ్లకు సొంతింటి కథలాంటిది. మా గుట్ట మీద వెలసినవాడు నరసింహస్వామి, క్షేత్రపాలకుడు ఆంజనేయుడు. 2022 మార్చి 28న కొత్త కట్టడంలో మూలవిరాట్టు దర్శనం మొదలైన తర్వాత మీలో చాలామంది వచ్చి చూసే ఉంటారు, నల్లరాతి స్తంభాల మధ్య నిలబడే ఉంటారు. ఇక్కడి స్వామిని పంచ నారసింహుడంటారు. జ్వాల, గండభేరుండ, యోగానంద, ఉగ్ర, లక్ష్మీ నరసింహులు. యాదర్షి తపస్సుకు మెచ్చి స్వామి ఈ ఐదు రూపాల్లో కనిపించాడని స్థలపురాణం.

ఐదింటిలో ఉగ్రం ఒక్కటే, చూశారా? యోగంలో కూర్చున్నవాడూ ఆయనే, అమ్మవారిని పక్కన ఉంచుకుని చల్లగా చూసేవాడూ ఆయనే. జబ్బుపడ్డవాళ్లు ప్రదక్షిణాలు చేసి, వైద్యుడని మొక్కుకునేదీ ఆయనకే. బలమంటే కోపమొక్కటే అయితే తక్కిన రూపాలు ఎందుకు?

సినిమా సంగీతానికీ ఇదే కొలత. స్తంభం పగిలే ఘట్టంలో డోళ్లు మోగితే తప్పేమీ లేదు, మోగాలి కూడా. అయితే అంతకు ముందు ఏముంది? “ఈ స్తంభంలో ఉన్నాడా?” అని తండ్రి గద్దిస్తే, “ఉన్నాడు” అని అయిదారేళ్ల పిల్లవాడు గొంతు పెంచకుండా చెబుతాడు. ఆ సభలో అందరికంటే ధైర్యవంతుడు వాడే. ఆ చిన్న గొంతుకు చోటివ్వని సంగీతం ఎంత హోరెత్తినా కథను సగమే చెప్పినట్టు. స్తంభం పగిలాక మాత్రం? స్వామి కోపం చల్లార్చడానికి దేవతలెవరికీ ధైర్యం చాలలేదనీ, లక్ష్మీదేవి కూడా దగ్గరకు పోవడానికి జంకిందనీ భాగవతం చెబుతుంది. చివరికి ప్రహ్లాదుడే వెళ్లి మొక్కాడు. అంతటి గర్జన ఒక పసివాడి చేతి కింద అణిగిపోయే చోట ఏ వాయిద్యం మోగాలి? సంగీత దర్శకుడికి అసలు పరీక్ష అక్కడ.

హనుమంతుడి కథా అంతే. సముద్రం ఒడ్డున ఆయన మాట్లాడకుండా ఒక పక్కన కూర్చుని ఉంటాడు. తన బలం తనకే గుర్తులేదు. జాంబవంతుడు గుర్తుచేశాక పెరుగుతాడు. మొదటినుంచే మోత మోగిస్తే, ఆయన పెరగడానికి సంగీతంలో చోటెక్కడిది? వంటలో కారం మొదటే గుప్పించామంటే తర్వాత ఏం వేసినా రుచి తెలియదు కదా, ఇదీ అంతే.

అందుకని ఈసారి పిల్లలు వాదానికి దిగినప్పుడు ఊరుకోకండి. కోప్పడకుండా మూడు మాటలు అడిగి చూడండి. ఒకటి, “బొమ్మ లేకుండా ఆ సంగీతం వినిపిస్తే, వచ్చేది ఫలానావాడని గుర్తుపడతావా?” ఇది ప్రవేశ దరువు పరీక్ష. రెండు, “సినిమా మొత్తంలో సంగీతం ఆగిపోయిన చోటు ఏది? అక్కడ నీకేమనిపించింది?” మూడు, “వీరుడు ఓడిపోయినప్పుడు, ఏడ్చినప్పుడు, అమ్మ దగ్గర కూర్చున్నప్పుడు వాడికి సంగీతం ఉందా, కొట్టేటప్పుడేనా?” ఈ మూడింటికీ జవాబు వెతుక్కునే పిల్లవాడు మళ్లీసారి సినిమాను వేరే చెవితో వింటాడు. “అమ్మకు తెల్వది” అన్న మాట కూడా తగ్గుతుంది.

వీలైతే 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’, సాలూరు రాజేశ్వరరావు గారి సంగీతంతో వచ్చినది, ఇంట్లో అందరూ కలిసి ఒకసారి చూడండి. ఎస్.వి. రంగారావు గారు హిరణ్యకశిపుడు, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు. ఆ తర్వాత 2025 నాటి నరసింహుణ్ణి చూడండి. ఏది గొప్పదని తీర్పు చెప్పకండి. ఒకే స్తంభం, రెండు కాలాల చెవులు. ఎవరికి ఏది ఎందుకు నచ్చిందో ఒక్కొక్కరినీ చెప్పమనండి. అత్తగారినీ చెప్పమనండి.

చెవుల సంగతీ ఒక మాట. హాలు నుంచి వచ్చాక చెవుల్లో గుయ్యిమంటుంటే అది మంచి సంగీతానికి గుర్తు కాదు, చెవికి తగలాల్సిన దానికంటే ఎక్కువ తగిలిందని గుర్తు. పసిపిల్లల్ని స్పీకర్ల పక్కన కూర్చోబెట్టకండి. ఫోనుకు తగిలించుకుని వినే పిల్లలకు సగం దగ్గరే ఆపమని చెప్పండి. చెవిలోని సన్నని కణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు.

ఇంకొకటి. నచ్చని సంగీతం కట్టినవాణ్ణి పేరు పెట్టి తిట్టడం ఈమధ్య అభిమానులకు అలవాటైంది. ఒక నేపథ్య సంగీతం వెనుక పదుల మంది వాద్యకారుల వేళ్లూ, ఊపిరీ ఉంటాయి. “నాకు నచ్చలేదు, ఎందుకంటే...” అని చెప్పగలగడం రసికత. ఆ ‘ఎందుకంటే’ దగ్గర ఆగిపోయినవాడే తిట్టుకు దిగుతాడు. ఆ ఒక్క మాట పిల్లలకు నేర్పడానికి మనకు స్వరజ్ఞానం అక్కర్లేదు.

మా గుట్టకు వచ్చినప్పుడు మేళం ఆగాక కూడా ఒక్క నిమిషం నిలబడి వినండి. ఉగ్ర నరసింహుడి కొండ మీదనే అంత నిశ్శబ్దమూ ఉంది. అది కూడా బలమేనని పిల్లలకు చూపించండి.

సెలవు.