చెవితో చూసుకునే టపా
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



చూపులేని మమ్మల్ని వేదిక మీదికి పిలిస్తే జాలి కథ ఏదో చెప్తామని జనం సర్దుకుని కూర్చుంటారు. ఈవేళ అందుకు రాలేదు. మా పేరున వచ్చే ఈమెయిలు ఉత్తరాలను మేము ఎలా చదువుకుంటామో, ఏది ఉంచి ఏది పారేస్తామో, అందులో మీ వల్ల మాకు కలిగే చిక్కేమిటో విన్నవించుకోవడానికి వచ్చాము. సొసైటీ మేడమీది గదిలో ఆదివారం సాయంత్రాలు మేము ముగ్గురం తంటాలుపడి నేర్చుకున్న సంగతులివి.

ముందు జరిగినది చెప్తాం. మాలో చిన్నవాడు డిగ్రీ పాసై ఒక గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో నూటికి 4కు తక్కువ కాకుండా వికలాంగులకు కేటాయించాలి; అందులో 1 అంధులకు, చూపు మందగించినవారికి. చట్టం బాగానే ఉంది. పరీక్షకు రమ్మన్న పిలుపు మాత్రం పోస్టుమాన్ తేలేదు, ఈమెయిలులో వచ్చింది. అప్పటికే ఆ పెట్టెలో చదవని ఉత్తరాలు రెండు వేల పైచిలుకు. బట్టల దుకాణాల తగ్గింపు ధరలు, అడగకుండా అప్పిస్తామనే కంపెనీలు, ఎప్పుడో ఒకసారి టిక్కెట్టు కొన్న పాపానికి రోజూ పలకరించే బస్సులవాళ్లు. పిలుపు చెవిన పడేసరికి పరీక్ష అయిపోయి నాలుగు రోజులైంది. "ఉత్తరం నా దగ్గరే ఉంది భాయ్, నాకే తెలీలేదు" అన్నాడు. మా ఆదివారం క్లాసు అప్పుడు మొదలైంది.

చూపున్నవారు పెట్టె తెరిస్తే ముప్పై, నలభై ఉత్తరాలు ఒక్కసారే కంటికి ఆనుతాయి. చదవనివి దళసరి అక్షరాల్లో ఉంటాయట. కావలసిన దానిమీద చూపు దానంతటదే వాలుతుంది. చెవికి ఆ సదుపాయం లేదు గదా! రేషను షాపు క్యూలో నిలబడ్డవారిని ఒక్కొక్కరినే పేరడిగి పంపినట్టు మేము ఒక్కొక్క ఉత్తరాన్నీ అడగాలి. తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రామును స్క్రీన్ రీడర్ అంటారు. మేము వాడేది ఎన్.వి.డి.ఎ. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపులేని యువకుడు దాన్ని మొదలుపెట్టాడు. చూపులేని మిత్రుడే జేమ్స్ టే ఆయనతో కలిశాడు. పైసా ఖర్చు లేదు. డబ్బు పెట్టి కొనేవి అంతకుముందే ఉన్నా మనబోటి ఇళ్లకు అందే ధరలు కావవి. దానితోపాటు వచ్చే గొంతు తెలుగూ, ఉర్దూ కూడా చదువుతుంది. ఉచ్చారణ కాస్త ఇనుప డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది, అలవాటైపోతుంది.

కింది బాణం మీట నొక్కితే ఒక ఉత్తరం విషయం, పంపినవారి పేరు, తేదీ వరసగా వినిపిస్తాయి. మధ్యలో మళ్లీ నొక్కితే ఆ మాట అక్కడే ఆగి తరవాతది మొదలవుతుంది. కాబట్టి మేము సగం సగం మాటలే వింటాము. మొదటి రెండు మాటల్లో సంగతి తెలిస్తే సరి, లేకపోతే ఆ ఉత్తరం దాటిపోయినట్టే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాం దీని దగ్గరికి.

మొదట్లో అందరిలాగే మేమూ తేదీల వరసలో పైనుంచి కిందికి వినుకుంటూ వెళ్లాం. గంటకు నూరు ఉత్తరాలు కూడా తెమలలేదు, తలనొప్పి మిగిలింది. తరవాత తెలిసిన కిటుకు ఏంటంటే, పంపినవారి పేరువారీగా వరస మార్చుకోవడం. థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాములో వ్యూ మెనూలోకి పోతే ఈ ఏర్పాటు ఉంది. అలా మార్చగానే ఒకే దుకాణం ఉత్తరాలన్నీ ఒకచోట చేరతాయి. అదే పేరు మళ్లీ మళ్లీ వినపడుతుంటే పూర్తిగా వినే పని లేదు. షిఫ్టు పట్టుకుని కింది బాణంతో దిగుతూ, పేరు మారగానే ఒక మెట్టు వెనక్కి వచ్చి, డిలీట్ నొక్కడమే. రెండు వేలూ మూడు ఆదివారాల్లో తేలిపోయాయి. అయితే ఒక్కటి: బ్యాంకు పేరుతో వచ్చినవన్నీ ప్రకటనలు కావు. ఆ ఊపులో మాలో పెద్దాయన ఖాతా లెక్కల కాగితం కూడా పారేశారు. కంట్రోల్, జెడ్ నొక్కితే వెనక్కి వచ్చింది గనక సరిపోయింది. జీమెయిలు చెత్తబుట్టలో పడ్డది 30 రోజులవరకు ఉంటుంది, ఆ తరవాత ఆశ వదులుకోవాలి.

బ్రౌజరులో జీమెయిలు తెరిచేవారికి ఇంకో గండం ఉంది. అక్కడ ఒకే అక్షరానికి ఇద్దరు యజమానులు. 'ఇ' అక్షరం నొక్కితే మా చదివే ప్రోగ్రాము రాసే గడి దగ్గరికి తీసుకుపోవాలి. జీమెయిలు అడ్డదారి మీటలు వేసుకుని ఉంటే, అదే 'ఇ' ఎదుట ఉన్న ఉత్తరాన్ని పెట్టెలోంచి తీసి దాచేస్తుంది. ఆ సమయంలో ఎవరి రాజ్యం నడుస్తోందో తెలుసుకుని నొక్కాలి. ఇన్సర్ట్, స్పేస్ కలిపి నొక్కితే రాజ్యం మారుతుంది. ఉత్తరం మాయమైందని మేము ఒక సాయంత్రమంతా వెతికాం. అది ఆల్ మెయిల్ అనే అరలో నిక్షేపంగా ఉంది!

ఇక మీతో మనవి. మన సొసైటీ నోటీసులు పోస్టరు ఫోటోలుగా వస్తున్నాయి. విషయం రాయవలసిన చోట ఖాళీ. మాకు వినిపించేది 'ఐఎంజి' అని, వెనకాల నాలుగు అంకెలు, అంతే. స్కాలర్‌షిప్పా, దావతా, ఎవరైనా పోయారన్న కబురా తెలీదు. పాత అను ఫాంట్లలో కొట్టిన తెలుగు ఇంకా ఘోరం, కంటికి తెలుగే గాని చెవికి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గోల. యూనికోడులో నాలుగు ముక్కలు కొడితే చాలు. విషయంలో "ముఖ్య గమనిక" అని మొదలుపెట్టకండి, ముఖ్యం కానిది ఎవరు పంపుతారు? "స్కాలర్‌షిప్పు ఆఖరు తేదీ 15" అని రాయండి, మొదటి మాటకే మేము ఆగుతాం.

ఇంత పట్టుదల దేనికి, ఇంట్లో పిల్లలు చదివిపెట్టరా అని కొందరంటారు. చదువుతారు, ప్రేమగానే. కాని మా ఉత్తరం మాకంటే ముందు ఇంకొకరికి తెలుస్తుంది. పోయిన సంవత్సరం పెద్దాయన రక్తపరీక్ష ఫలితం ఈమెయిలులో వచ్చింది. రాత్రి అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోను పెట్టుకుని తానే విన్నారు. రెండుసార్లు విన్నారట. పొద్దున చాయ్ తాగాక, ఎలా చెప్పాలో ఆలోచించుకుని, భార్యకు తానే చెప్పారు. డాక్టరుకు జవాబు కూడా తానే కొట్టారు.

క్లాసు ఆదివారం సాయంత్రం అయిదింటికి. మన ఇళ్లల్లో వయసు వచ్చి చూపు తగ్గిన నాన్నలు, నానమ్మలు ఉంటే తీసుకురండి. కంప్యూటర్లు రెండే ఉన్నాయి, ఇయర్‌ఫోన్లు మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలి.