సోడాప్రియుని విన్నపం

పానీయాలలో మీకు ప్రియమైనది ఏది అని అడిగితే కాఫీ అని చెప్పేవారు మనలో ఎందరో ఉన్నారు. తేనీరు అనేవారు అంతకంటె ఎక్కువ. కాఫీమీద దండకాలు వెలసినవి. మజ్జిగ గుణాలను వైద్యగ్రంథాలు కీర్తించినవి. సోడాకు అటువంటి గౌరవం దక్కలేదు. మన మాటలలో దాని పేరు ఎక్కువగా వినిపించేది రెండు సందర్భాలలో. దళసరి కళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దమనిషిని పిల్లలు చాటున సోడాబుడ్డి అని పిలుచుకునేటప్పుడు ఒకటి; సభలో మాటలు ముదిరి సోడాబుడ్లు లేచినవని చెప్పుకునేటప్పుడు రెండవది. ఎగతాళికీ తగవులకూ మాత్రమే పేరుపడిన ఈ పానీయం పక్షాన నాలుగు మాటలు చెప్పడం సోడాప్రియుడనైన నా విధి అని భావిస్తున్నాను.

ఇంతకూ సోడా అంటే ఏమిటి? నీరు, ఆ నీటిలో బలవంతాన ఇమిడ్చిన గాలి. తొలినాళ్ళలో అందులో సోడా ఉప్పు కూడా కలిపేవారు గనుక ఆ పేరు వచ్చినది. తరువాత చాలచోట్ల ఉప్పు పోయినది, పేరు మిగిలినది. ఇక ఆ గాలికి మన పాత శాస్త్రపాఠాలు పెట్టిన పేరు బొగ్గుపులుసు వాయువు. ఇప్పటి పుస్తకాలలో కార్బన్ డయాక్సైడ్ అంటున్నారు కాని, పాత పేరులో ఉన్న రుచి ఇందులో లేదు. అది ఉత్త అలంకారం కూడ కాదు. ఆ వాయువు నీటిలో కరిగినప్పుడు అందులో కొద్దిభాగం నిజంగానే ఆమ్లం, అనగా పులుసు, అవుతుంది. చారులో చింతపండు, పప్పులో మామిడికాయ, పచ్చడిలో గోంగూర లేనిదే ముద్ద దిగని జాతికి మరొక పులుసు నచ్చడంలో ఆశ్చర్యం ఏమున్నది?

ఈ పులుసునీటిని మొదట తయారుచేసినవారిలో ముఖ్యుడు జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఇంగ్లీషు మతబోధకుడు. 1767 ప్రాంతంలో ఆయన లీడ్స్ నగరంలో ఒక బీరు కాచే శాల పక్కన కాపురమున్నాడు. పులుస్తున్న బీరు తొట్లమీద పొరవలె నిలిచే వాయువు ఆయన దృష్టిని ఆకర్షించినది. ఆ పొరలో ఒక పాత్రనుండి మరొక పాత్రలోనికి నీటిని మార్చి మార్చి పోయగా, ఆ నీటికి చురుకైన రుచి వచ్చినది. పొరుగున సారాయిబట్టీ ఉంటే మతబోధకులు సాధారణంగా ఇల్లు మారుతారు. ఈయన సోడా కనిపెట్టినాడు. 1772లో ఆ పద్ధతిని చిన్న పుస్తకంగా అచ్చువేసి లోకానికి ఇచ్చినాడు. ప్రాణవాయువుమీద ఆయన చేసిన ప్రసిద్ధ ప్రయోగం 1774 నాటిది. అనగా, లోకానికి ప్రాణవాయువు సంగతి చెప్పడానికి ముందే ఆయన సోడా సంగతి చెప్పినాడన్నమాట. సోడాప్రియులు ఈ క్రమాన్ని గుర్తుంచుకోవలెను. దానివల్ల ధనం గడించే పనిని మాత్రం ఆయన ఇతరులకు విడిచినాడు. జెనీవాలో ఉండిన ష్వెప్ అనే వ్యక్తి 1783లో ఆ వ్యాపారం ఆరంభించి, 1792లో లండనుకు చేర్చినాడు.

నీటిలోనికి గాలి ఎక్కించడం ఒక కష్టమైతే, దానిని పోకుండా ఆపడం ఇంకొక కష్టం. బిరడా పెడితే ఎండి ముడుచుకుపోయి గాలి జారిపోతుంది. ఈ చిక్కును విప్పినవాడు హైరం కాడ్ అనే ఆంగ్లేయుడు. ఆయన 1872లో పేటెంటు పొందిన సీసాయే మన గోలీసోడా బుడ్డి. సీసా మెడలో ఒక గాజుగోలీ, మూతిలో ఒక రబ్బరు చుట్టు. నింపేటప్పుడు సీసాను తలక్రిందులు చేస్తారు. గోలీ మూతిలోనికి జారుతుంది. లోపలి గాలి దానిని రబ్బరుకు అదిమి పడుతుంది. బయటికి పోవాలని గాలి ఎంత తొందరపడితే తలుపు అంత గట్టిగా మూసుకుంటుంది. కాపలాదారు అక్కరలేని ఖైదు అంటే ఇదే. త్రాగేటప్పుడు గోలీ మళ్ళీ వచ్చి అడ్డుపడకుండ మెడలో రెండు నొక్కులు ఉంటవి. నొక్కులు ఉన్న వైపును క్రిందికి వంచి త్రాగడం తెలిసినవాడే సోడాలో అక్షరాభ్యాసం అయినవాడు.

ఇంగ్లండులో గోలీకోసం పిల్లలు సీసాలు పగులగొట్టేవారట. కాలక్రమాన అక్కడ ఆ సీసా మూలపడినది. మన దేశంలోనూ, రామునె అనే పేరుతో జపానులోనూ అది నిలిచినది. చేతితో త్రిప్పే చక్రం, ఇనుపవల తొడుగు, ఒక గ్యాసుబుడ్డి, కొన్ని డజన్ల సీసాలు ఉంటే చాలు, ఒక కుటుంబం బ్రతకడానికి ఆధారం దొరికేది. సీసా ఒక్కొక్కప్పుడు పగిలేది గనుక ఆ పనిలో ప్రమాదమూ లేకపోలేదు. పెద్ద కంపెనీల పానీయాలు వచ్చిన తరువాత ఇటువంటి కొట్లు ఎన్నో మూతపడినవి. అయితే ఇటీవల గోలీసోడాకు మళ్ళీ మంచిరోజులు వచ్చినట్లున్నవి. 2025లో అది మన దేశంనుండి గల్ఫు దేశాలలోని అంగళ్ళకు ఎగుమతి అయినది కూడ.

సోడా చల్లగానే ఎందుకు ఉండవలెను? ఇది నాలుక కోరే విలాసం మాత్రమే కాదు. మామూలు వాయుపీడనం వద్ద, మంచువలె చల్లనైన నీరు తన ఘనపరిమాణానికి ఒకటిన్నర రెట్లకు పైగా ఈ వాయువును ఇముడ్చుకుంటుంది. ఇరవై డిగ్రీల వెచ్చదనానికి వచ్చేసరికి అందులో సుమారు సగమే నిలుస్తుంది. మన వైశాఖమాసపు ఎండలో సంగతి చెప్పనక్కరలేదు. వెనుకటి సోడాకొట్టువారు సీసాలను నీటితొట్టిలో ముంచి, తడిగోనెలు కప్పి ఉంచడంలో ఇంత శాస్త్రం ఉన్నది.

ఇక రుచి మాట. నాలుకమీద చురుక్కుమనేది బుడగలు పగలడంవల్ల అని చాలమంది అనుకుంటారు. శాస్త్రజ్ఞులు మనుషులను అధిక పీడనం గల గదిలో కూర్చుండబెట్టి, బుడగలు ఏర్పడని సోడా త్రాగించి చూచినారు. చురుకు యథాప్రకారం ఉన్నది! బుడగలు కేవలం ఊరేగింపులోని బాణసంచా. అసలు పని చేసేది పులుసు. నోటిలో ఉండే ఒక ఎంజైము ఆ వాయువును తక్షణం ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం ఘాటును గుర్తించే నాడులను తట్టుతుంది. అందుచేతనే కొండలు ఎక్కేవారు వాడే ఒక మందు ఆ ఎంజైమును అణచివేసినప్పుడు, సోడా త్రాగినా వట్టినీరు త్రాగినట్లే ఉంటుంది. అనగా సోడాలో మనం ప్రేమించేది తీపిని కాదు, చురుకును. ఈ మాటను దయచేసి మనసులో ఉంచుకొనండి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

సోడాప్రియుడనైనంత మాత్రాన దానికి లేని గుణాలను అంటగట్టలేను. విందుభోజనం చేసి, బూరెలూ పులిహోరా మితిమీరి ఆరగించి, ఆయాసపడుతూ ఒక సోడా కొట్టించి త్రాగుతాము. వెంటనే పెద్ద త్రేన్పు వస్తుంది. ‘హమ్మయ్య, అరిగిపోయింది’ అంటాము. అరిగినది ఏమీ లేదు. సీసాలోనుండి లోపలికి వెళ్ళిన గాలే వచ్చిన దారిని తిరిగి వెళ్ళినది. బూరెలు ఎక్కడివి అక్కడనే ఉన్నవి. అట్లాగే మిరపకాయ బజ్జీ తిని నోరు మండినప్పుడు సోడా త్రాగడం ఉపశమనం కాదు. మిరపలోని కారపుపదార్థం నీటిలో దాదాపు కరగదు. పైగా సోడా చురుకు దానికి తోడవుతుంది. అది మంటకు మంటను జత చేయడమే. ఆ జత నాకు ఎంతో ఇష్టం. కాని దానిని వైద్యమని పిలువను. మంట చల్లారవలెనంటే పాలలోని మాంసకృత్తులు కావలెను. కూరలు, పులుసు, చారు అన్నీ అయిన తరువాత చివరను పెరుగన్నం పెట్టిన మన భోజనక్రమంలో ఆ ఉపాయం ఎప్పటినుండో ఉన్నది.

ఇప్పుడు నా విన్నపం అసలు భాగానికి వస్తున్నాను. సోడాకు బంధువులమని చెప్పుకుంటూ రంగురంగుల తీపి పానీయాలు మన ఇండ్లలో ప్రవేశించినవి. వాటిలోనూ మనవి ఉన్నవి. గోదావరి సీమలోని రామచంద్రపురంలో పుట్టిన ఆర్టోస్ ఆ ప్రాంతపు విందులలో చోటు సంపాదించుకున్నది. 1977లో కోకా-కోలా మన దేశం విడిచి వెళ్ళినప్పుడు థమ్స్ అప్ పుట్టినది. 1993లో తిరిగి వచ్చిన ఆ కంపెనీయే దానిని కొనుక్కున్నది. ఎప్పుడైన ఒకసారి, పండుగకో పెండ్లికో, ఒక గ్లాసు పుచ్చుకుంటే తప్పుపట్టేవాడిని కాను. కాని లెక్క తెలిసి పుచ్చుకోవలెను. మామూలు కోలా పానీయంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. 300 మిల్లీలీటర్ల సీసాలో ముప్పై గ్రాములకు పైమాటే. అనగా ఏడెనిమిది చెంచాలు. చక్కెరవంటి విడి తీపి పదార్థాలు పెద్దవారికైనా రోజుకు సుమారు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో సూచించినది. ఏ ఇల్లాలైనా కాఫీలో ఎనిమిది చెంచాల చక్కెర వేసి ఇస్తే, ఆ గ్లాసును మనం పెదవికి తాకించగలమా? చల్లదనం నాలుక తీపి ఎరుకను మందగింపజేయడంవల్ల, పులుపు దానికి ముసుగు వేయడంవల్ల ఆ ఎనిమిది చెంచాలూ తెలియకుండ దిగిపోతున్నవి. నమ్మనివారు అదే పానీయాన్ని గాలి పోయి వెచ్చబడిన తరువాత ఒక్క గుటక రుచి చూడవచ్చును.

మనకు కావలసినది చురుకే అయితే, ఈ చక్కెర అంతా దేనికి? వట్టి సోడాలో చక్కెర లేదు. అందులో అరచెక్క నిమ్మరసం పిండి, చిటికెడు ఉప్పు వేస్తే పొంగివచ్చే నురుగుముందు ఏ రంగునీరు నిలుస్తుంది? రక్తపోటు ఉన్నవారు ఆ ఉప్పు మానవచ్చును. రుచికి లోటు రాదు. తీపి కావాలనిపించిననాడు రాయలసీమవారి నన్నారి రసం ఒక చెంచా కలుపుకొనవచ్చును. ఎంత తీపి అన్నది అప్పుడు మన చేతిలో ఉంటుంది, సీసాలో ఉండదు.

అయితే వట్టి సోడాకైనా ఒక హద్దు ఉన్నది. అది సరదాకు తోడు; దాహానికి నీరు కాదు, ఆకలికి అన్నం కాదు. వేసవిలో ఈ భేదం ప్రాణాలమీదికి వస్తుంది. 2015 ఎండలలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో వడదెబ్బవల్ల రెండువేలమందికి పైగా మరణించినారు. వడగాడ్పుల కాలంలో ఏమి త్రాగవలెనో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ చెప్పిన జాబితాలో నీరు, ఉప్పు చక్కెర కలిపిన ఓఆర్ఎస్ ద్రావణం, నిమ్మనీరు, మజ్జిగ, అన్నపునీరు ఉన్నవి. గ్యాసు నింపిన పానీయాలను మాత్రం మానవలసినవాటిలో చేర్చినారు. ఆ అన్నపునీటిని మనం తరవాణి అంటాము. చద్దన్నం, తరవాణి తిని పొలానికి వెళ్ళిన తాతలను మొరటువారని నవ్విన మనకు, అదే సలహా ఇప్పుడు ప్రభుత్వ ప్రకటనలో అచ్చయి వచ్చినది. పొలంనుండి, పనినుండి ఎండన పడి వచ్చినవారికి సోడా కొట్టించి ఇవ్వడం మర్యాదగా కనిపించవచ్చును. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఇవ్వడం వారిని కాపాడడం. ‘నీ కడుపు చల్లగా’ అని దీవించిన పెద్దల మనసులో ఉన్నది సీసా కాదు, కుండ.

అందుచేత సోడాను దాని పీటమీదనే కూర్చుండబెట్టుదాము. పిల్లలు బడినుండి రాగానే మంచినీళ్ళు, భోజనం చివర మజ్జిగ, శ్రీరామనవమినాడు మిరియాలూ యాలకులూ వేసిన బెల్లపు పానకం. ఏ సాయంకాలమో వీధి మలుపులో బజ్జీలు వేగుతుండగా, స్నేహితుడు పక్కన ఉండగా, ఒక గోలీసోడా. సీసాలోని నీరు శుభ్రమైనదో కాదో అడిగి తెలుసుకొనండి. నమ్మకమైన కొట్టువాడు ఆ ప్రశ్నకు కోపగించడు. ఆ తరువాత గోలీని బొటనవ్రేలితో నొక్కి, చెవులారా ఆ చప్పుడు విని, నొక్కులున్న వైపు క్రిందికి వంచి త్రాగండి. చక్కెర అడగవద్దు.