ఆమె మాట ఎక్కడ దాచాం?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



1978లో హైదరాబాదులో రమీజాబీ కేసు, సుప్రీంకోర్టులో మథుర కేసు. ఆ పోరాటాలను మనం ఆ స్త్రీల పేర్లతోనే గుర్తుపెట్టుకున్నాం. ఆ ఉద్యమాల ఒత్తిడితోనే 1983లో అత్యాచార చట్టానికి సవరణలు వచ్చాయి. బాధితురాలి పేరు, ఆనవాళ్లు ప్రచురించడం నేరమనే 228ఎ సెక్షన్ అప్పుడే చేరింది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. అంటే ఈ గోప్యత మనం కొట్లాడి తెచ్చుకున్నది. మరి మన ఆఫీసుల్లో దాన్ని మనం కాపాడుతున్నామా?

ఒకప్పుడు కేసు కాగితాలు ఇనప బీరువాలో ఉండేవి. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసేది. ఇప్పుడవి గూగుల్ డ్రైవ్‌లోనో, డ్రాప్‌బాక్స్‌లోనో, అంటే బయటి కంపెనీల కంప్యూటర్లలో ఉంటున్నాయి. నేను పనిచేసిన ఒక సంస్థలో, లాయరుకు త్వరగా అందాలని ఒక ఫైలును 'లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చు' అని పెట్టాం. ఆ లింకు వాట్సాప్‌లో చేతులు మారి ఆమె అత్తవారింటికి చేరింది. ఆమె తలదాచుకున్న చోటు వాళ్లకు తెలిసిపోయింది. ఆ రాత్రే ఆమెను వేరే ఊరు పంపాల్సి వచ్చింది. ఆ తప్పు మాది.

కంపెనీల తప్పులూ ఉంటాయి. 2012లో డ్రాప్‌బాక్స్ నుంచి 6 కోట్లకు పైగా ఖాతాల వివరాలు చోరీ అయ్యాయని 2016లో గానీ బయటపడలేదు. ఒక ఉద్యోగి వేరేచోట వాడిన పాస్‌వర్డునే అక్కడా వాడటం అందుకు దారితీసింది.

కాబట్టి పేరు, ఊరు, ఫోను నంబరు క్లౌడ్‌లో పెట్టకండి. ఫైలు మీద కేసు నంబరు మాత్రమే రాయండి. ఏ నంబరు ఎవరిదో బీరువాలోని పుస్తకంలో ఉండాలి. చూడవలసిన వ్యక్తికే, అవసరమైనన్నాళ్లే అనుమతినివ్వండి. సంస్థ వదిలి వెళ్లినవారి అనుమతి ఆ రోజే తీసేయండి. పాస్‌వర్డుతో పాటు రెండో తనిఖీ కూడా పెట్టుకోండి. కాగితాలు స్కాన్ చేసే యాప్‌ల వంటివి కొన్ని డ్రైవ్ మొత్తం చూసే అనుమతి అడుగుతాయి. మనం చదవకుండానే 'సరే' నొక్కేస్తాం. అలా ఇచ్చినవాటిని వెతికి రద్దు చేయండి.

మన దగ్గరకు వచ్చిన స్త్రీని ఒక్క మాట అడగండి: "ఈ ఫోనులో ఖాతా ఎవరు తెరిచారమ్మా?" భర్త తెరిచినదైతే, ఆమె తీసుకున్న దెబ్బల ఫోటోలు అతని ఫోనులోనూ కనబడవచ్చు.

ఇదంతా కంప్యూటరు తెలిసిన అబ్బాయి చూసుకుంటాడని వదిలేయకండి. ఆమె తన కథ చెప్పింది మనల్ని నమ్మి. దాన్ని ఎక్కడ దాచాలో, ఎవరికి చూపాలో నిర్ణయించే హక్కు ఆమెదే. ఫైలు ఎక్కించే ముందు ఆమెను అడుగుదాం.