మీరు కట్టిన రోబో నిజంగా మీదేనా? ఒక్క హాట్‌స్పాట్‌తో తేలిపోద్ది!

ఈరోజు ఎపిసోడ్‌లో రోబోని మనమే కట్టుకుని, దాంతో ఫ్రెండ్స్‌తో ఫైట్ చేసే షూటర్ గేమ్స్ గురించి మాట్లాడుకుందాం. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి పీజీల్లో ఉండేవాళ్లకి ఇందులో ఒక పనికొచ్చే ట్రిక్ కూడా ఉంది, స్కిప్ చేయకండి.

ముందు ఒక ప్రశ్న. వందల గంటలు కూర్చుని కట్టిన రోబో నిజంగా మీదేనా?

రోబోక్రాఫ్ట్ గుర్తుందా? ఇంగ్లాండ్‌లోని ఫ్రీజామ్ అనే చిన్న స్టూడియో చేసింది. 2014లో స్టీమ్‌లోకి వచ్చింది. ఒక్కో బ్లాక్ పేర్చి బండి కట్టొచ్చు, విమానం కట్టొచ్చు, కాళ్లున్న రోబో కట్టొచ్చు. బుల్లెట్ తగిలితే ఆ తగిలిన బ్లాకులే ఊడిపోతాయి. చక్రం ఊడితే కుంటుకుంటూ పారిపోవాలి. ఆ కిక్కే వేరు! కానీ మ్యాచ్ మొత్తం కంపెనీ సర్వర్ మీదే నడిచేది. 2025 జనవరిలో స్టూడియో మూసేస్తున్నాం అని చెప్పారు. సర్వర్లు పోయాయి, వాటితోపాటు జనం ఏళ్ల తరబడి కట్టుకున్న రోబోలూ పోయాయి.

ఇప్పుడు దీనికి రివర్స్ చూడండి. నింటెండో వాళ్ల కస్టమ్ రోబో. మొదటి గేమ్ 1999లో జపాన్‌లో వచ్చింది. 2004లో గేమ్‌క్యూబ్‌కి వచ్చిన దాంట్లో రోబోకి ఐదు పార్ట్స్: బాడీ, గన్, బాంబ్, పాడ్, కాళ్లు. ఒకే టీవీ ముందు నలుగురు కూర్చుని ఆడొచ్చు. ఇరవై ఏళ్లు దాటింది కదా, అయినా డిస్కు, కన్సోలు, నాలుగు కంట్రోలర్లు ఉంటే ఇవాళ కూడా మ్యాచ్ మొదలైపోద్ది. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. లోకల్ మల్టీప్లేయర్ అంటే అదీ!

మరి మన ఫోన్ల సంగతేంటి? ఫోన్‌లో రోబో షూటర్ అంటే వెంటనే గుర్తొచ్చేవి వార్ రోబోట్స్, మెక్ అరీనా. రెండూ బాగుంటాయి, కానీ రెండూ సర్వర్ మీద బతికేవే. లోకల్ మజా చూడాలంటే మన మినీ మిలీషియానే. రోబో కట్టుకోవడం ఉండదు, కానీ లోకల్ వై-ఫైలో పన్నెండు మంది దాకా ఆడొచ్చు. కాలేజీ లాస్ట్ బెంచీల్లో అది అంత ఆడటానికి కారణం గ్రాఫిక్స్ కాదు బాసూ, డేటా ఖర్చు లేకపోవడం, ఓడిపోయినోడి మొహం పక్కనే కనపడటం!

ఇప్పుడు ఆ ట్రిక్. పీజీ వై-ఫైలో అందరూ కనెక్ట్ అయినా ఫ్రెండ్ పెట్టిన రూమ్ కనపడట్లేదా? గేమ్‌ని తిట్టకండి. చాలా హాస్టల్, ఆఫీస్ రౌటర్లలో ఒక ఫోన్‌కి ఇంకో ఫోన్ కనపడకుండా సెట్టింగ్ పెడతారు. సేఫ్టీ కోసమే అది. అందుకే ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి మిగతావాళ్లు దానికి కనెక్ట్ అవ్వండి. ఐఫోన్ వాళ్లు ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఆ గేమ్‌కి లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ ఇచ్చారో లేదో చూసుకోండి. అంతే, సిగ్నల్ లేని సెల్లార్‌లో కూడా ఆట నడుస్తుంది.

ఇక గేమ్ చేయాలనుకునే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. 2023లో, 2024లో ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ మన హైదరాబాద్‌లోనే జరిగింది. అంటే ఈ ఫీల్డ్ మనకి దూరమేమీ కాదు. రోబో గేమ్ అనగానే పెద్ద బడ్జెట్ అని భయపడతారు. లెక్క చూడండి: ఐదు బాడీలు, ఐదు గన్లు, ఐదు రకాల కాళ్లు. గీయాల్సింది 15 బొమ్మలు, వచ్చే రోబోలు 125! గోడో అనే ఇంజిన్ ఫ్రీ, లోకల్‌గా ఫోన్లు కలిపే సిస్టమ్ అందులోనే ఉంది. ఒకరి ఫోనే సర్వర్ అయినప్పుడు మీకు నెలనెలా సర్వర్ బిల్లు కూడా రాదు.

ఒక్క జాగ్రత్త. ప్రతి పార్ట్‌కీ ఒక లాభం, ఒక నష్టం ఉండాలి. గట్టి గన్ పెడితే రీలోడ్ లేట్ అవ్వాలి, బరువు బాడీ పెడితే పరుగు తగ్గాలి. లేదంటే అందరూ ఒకటే రోబో కడతారు, మిగతా 124 వేస్ట్. ఆ తప్పు దొరకాలంటే టెస్టింగ్ టీమ్ అక్కర్లేదు. నలుగురు రూమ్మేట్స్‌ని కూర్చోబెట్టండి, ఒక్క రాత్రిలో వాళ్లే బయటపెడతారు!

ఆన్‌లైన్ గేమ్స్ ఆడొద్దని నేను అనట్లేదు, నేనూ ఆడతాను. కాకపోతే డబ్బులు పెట్టి పార్ట్స్ కొనేముందు ఒకసారి నెట్ ఆఫ్ చేసి, హాట్‌స్పాట్ మీద పక్కోడితో ఆడి చూడండి. నడిచిందా, ఆ రోబో మీది. నడవలేదా, అద్దెకున్నట్టే. ఓనర్ ఎప్పుడు ఖాళీ చేయమంటే అప్పుడు చేయాలి, మన పీజీ లాగే!

మీ గ్యాంగ్ హాట్‌స్పాట్ మీద ఏ గేమ్ ఎక్కువ ఆడింది? కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!